వేలు పెట్టి చూడనిదే పాత పియానో కొనకండి

ప్రశ్న: మాది విజయవాడ. మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా 61 కీల కీబోర్డు మీద నేర్చుకుంటోంది. ఇక ఇది చాలదు, 88 వెయిటెడ్ కీస్ ఉన్న డిజిటల్ పియానో కొనండని వాళ్ల టీచర్ చెప్పారు. షాపులో అడిగితే యమహా పీ-145 స్టాండు లేకుండా 47,000 అన్నారు. హైదరాబాద్‌లో ఒకాయన 2019లో కొన్న పీ-45ని స్టాండుతో కలిపి 30,000కు ఇస్తానంటున్నారు. "మా అబ్బాయి ఆర్నెల్లు వాయించి మానేశాడు, కొత్తదానిలాగే ఉంది" అంటున్నారు. అడ్వాన్సు పంపితే ఇంకెవరికీ చూపించరట. ఇంకోవైపు మా మరిది స్నేహితుడు అమెరికా నుంచి వచ్చేస్తూ తన పీ-71 తెచ్చిస్తానంటున్నాడు, 20,000 ఇస్తే చాలంటున్నాడు. మా ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు. పాత సామాను మీద డబ్బు తగలెయ్యడం ఎందుకని మావారు అంటున్నారు. ఏం చూసి కొనాలి? పాత కీబోర్డు అమ్మేయవచ్చా?

సమాధానం:

అమ్మా, ముందు ఆ అడ్వాన్సు పంపకండి. ఆయన మోసగాడని నేననడం లేదు. నిజంగానే పిల్లాడు మానేసిన పియానో అయ్యుండొచ్చు. కానీ చూడని వస్తువుకు డబ్బు కట్టేశాక, తీరా వెళ్లి చూసినప్పుడు లోపం కనబడినా వద్దనడానికి నోరు రాదు. ఎలాగూ డబ్బు కట్టేశాం కదా అని తెచ్చేసుకుంటాం. బస్సెక్కి హైదరాబాద్ వెళ్లండి. పియానో ముందు గంటసేపు కూర్చోండి. నచ్చితే అక్కడే డబ్బిచ్చి తెచ్చుకోండి. ఆ గంట ఇవ్వడానికి ఇష్టపడని వాళ్ల దగ్గర కొనొద్దు.

సంగీతం రాదని బెంగపడకండి. డిజిటల్ పియానో పరీక్షించడానికి పాట వాయించడం రావాల్సిన పనిలేదు. ఒక వేలు, రెండు చెవులు, కాస్త ఓపిక ఉంటే మీరే చూసుకోవచ్చు. నిజం చెప్పాలంటే, బాగా వాయించేవాళ్లను వెంట తీసుకెళితే వాళ్లు నాలుగు పాటలు వాయించి "బాగుందండీ" అనేస్తారు. పాటల్లో 88 కీలూ రావు. చివర్లలో ఉన్న కీలను ఎవరూ ముట్టుకోరు. మీలాంటివాళ్లు ఒక్కో కీ నొక్కుతూ పోతేనే లోపం బయటపడుతుంది.

మీ టీచర్ చెప్పిన మాట సరైనదే. అసలు పియానోలో కీ నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. ఆ సుత్తి బరువు వేలికి తెలుస్తుంది. డిజిటల్ పియానోలో తీగలుండవు గానీ, ఆ బరువు తెలిసేలా ప్రతి కీకీ సుత్తిలాంటి ఒక ముక్క అమరుస్తారు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. మీ ఇంట్లో ఉన్నలాంటి కీబోర్డుల కీలు తేలిగ్గా ఉంటాయి. వాటికి అలవాటుపడిన పిల్లలు పియానో ముందు కూర్చుంటే వేళ్లు తడబడతాయి. రెండేళ్లు నేర్చుకున్నాక మారడం మంచి సమయమే. గ్రేడ్ పరీక్షలు రాయించే ఉద్దేశం ఉంటే టీచర్‌ను ఒక మాట అడగండి. ఈ పరీక్షలు పెట్టే లండన్ ట్రినిటీ కాలేజ్ వాళ్లకు పియానోకు ఒక సిలబస్, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు ఇంకో సిలబస్ ఉన్నాయి. పాపను ఏ దారిలో పంపుతున్నారో తెలుసుకుని కొనడం మేలు.

పీ-45 సంగతి. ఇది 2015లో వచ్చిన మోడల్. ఇప్పుడు దాని స్థానంలో మీకు షాపులో చూపించిన పీ-145 వచ్చింది. పీ-45లో 88 కీలు, పది రకాల ధ్వనులు, ఆరేసి వాట్ల స్పీకర్లు రెండు ఉంటాయి. బరువు పదకొండున్నర కిలోలు. బ్లూటూత్ లేదు, బ్యాటరీతో పనిచేయదు. ఒకేసారి 64 స్వరాలు మోగించగలదు. పెద్ద పెద్ద కచేరీ రచనలకు అది తక్కువంటారు గానీ, మీ పాప ఇంకొన్నేళ్ల పాటు వాయించబోయే వాటికి ధారాళంగా సరిపోతుంది. మోడల్ మంచిదే. అమ్మకానికి వచ్చిన ఆ ఒక్క పియానో ఎలా ఉందన్నదే చూడాలి.

"ఆర్నెల్లు వాయించి మానేశాడు" అన్న మాట వినగానే అందరికీ ఆశ పుడుతుంది. నాకు మాత్రం వెంటనే వచ్చే సందేహం: మరి మిగతా ఏళ్లన్నీ అది ఎక్కడుంది? గుడ్డ కప్పి గదిలో ఉందా, బాల్కనీలో ఉందా, అటక మీద నిలబెట్టారా? డిజిటల్ పియానో వాడకపోతే అరగదు, నిజమే. కానీ దుమ్ము, చెమ్మ, చీమలు వాడకం కోసం కాచుక్కూర్చోవు. రోజూ అరగంట వాయించి, తుడిచి, గుడ్డ కప్పి పెట్టిన ఏడేళ్ల పియానో, మూలన పడేసిన రెండేళ్ల పియానో కంటే నయంగా ఉండటం మామూలే.

అదెందుకో తెలియాలంటే లోపల ఏముంటుందో తెలియాలి. కీలన్నీ ఊడదీస్తే అడుగున పొడవాటి సర్క్యూట్ బోర్డు కనిపిస్తుంది. దాని మీద మెత్తటి రబ్బరు పట్టీలు పరిచి ఉంటాయి. ప్రతి కీ దగ్గరా ఆ రబ్బరు చిన్న బుడిపెలా ఉబ్బి ఉంటుంది. పట్టీని తిరగేసి చూస్తే ఆ బుడిపె లోపల రెండు నల్లటి కార్బన్ చుక్కలు ఉంటాయి. కీ నొక్కినప్పుడు మొదట ఒక చుక్క బోర్డును తాకుతుంది, ఆ వెంటనే రెండోది తాకుతుంది. రెంటికీ మధ్య ఎంత సమయం పట్టిందో లోపలి చిప్ కొలుస్తుంది. తక్కువ సమయం పడితే మీరు గట్టిగా కొట్టారని, ఎక్కువ పడితే మెల్లగా నొక్కారని దాని లెక్క. కొన్ని మోడళ్లలో మూడో చుక్క కూడా ఉంటుంది. ఒకే కీని గబగబా మళ్లీ మళ్లీ కొట్టినప్పుడు అది పనికొస్తుంది.

ఇప్పుడు ఆ చుక్క కింద చీమ కాలంత చెత్త చేరిందనుకోండి. లేదా చెమ్మకు బోర్డు మీద సన్నటి పొర కట్టిందనుకోండి. చుక్క సరిగ్గా తాకదు, లేదా ఆలస్యంగా తాకుతుంది. చిప్ లెక్క తప్పుతుంది. మెల్లగా నొక్కిన కీ ఒక్కసారిగా ఢామ్మని మోగుతుంది. లేదంటే మూడుసార్లు నొక్కితే రెండుసార్లే పలుకుతుంది. పైకి పియానో తళతళా మెరుస్తూనే ఉంటుంది. ఫొటోలో ఏమీ కనిపించదు. పాత డిజిటల్ పియానోల్లో ఎక్కువగా కనబడే జబ్బు ఇదే. పాపకు ఇది పెద్ద ఇబ్బంది, ఎందుకంటే తప్పు తన వేలిదో పియానోదో తనకు తెలియదు. టీచర్ మెల్లగా వాయించమంటారు, పాప మెల్లగానే నొక్కుతుంది, ఆ ఒక్క స్వరం అరుస్తుంది. నెల రోజులు అలా సాగితే పిల్లలు వాయించడమే మానేస్తారు.

కాబట్టి ఆ గంటలో సగం ఈ ఒక్క పరీక్షకే కేటాయించండి. ముందు పియానోను ఫ్యాక్టరీ సెట్టింగుకు తెండి. పీ-45లో కుడివైపు చిట్టచివరి కీని నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే అన్నీ మొదటి స్థితికి వస్తాయి. ఇది చేయకపోతే రెండు రకాలుగా పొరపాటు పడొచ్చు. ఈ పియానోలో ఎంత మెల్లగా నొక్కినా ఎంత గట్టిగా కొట్టినా ఒకేలా పలికే ఫిక్స్‌డ్ అనే సెట్టింగు ఒకటుంది. ఎవరైనా అందులో పెట్టి వదిలేస్తే మంచి పియానో కూడా చెడిపోయినట్టు అనిపిస్తుంది, చెడిపోయిన కీ కూడా బాగున్నట్టు అనిపిస్తుంది.

తర్వాత వాల్యూమ్ సగానికి పెట్టి, ఎడమ చివర నుంచి మొదలుపెట్టండి. చూపుడు వేలితో, వీలైనంత మెల్లగా, ఒక్కో కీ నొక్కుతూ కుడి చివరి దాకా వెళ్లండి. తెల్లవి 52, నల్లవి 36. నల్లవాటిని వదిలేయొద్దు. పక్క పక్క కీలు దాదాపు ఒకే మోతాదులో పలకాలి. ఏదైనా ఒకటి ఉలిక్కిపడేలా మోగినా, మోగకుండా మింగేసినా దాని మీద చిన్న కాగితం ముక్క పెట్టండి. మళ్లీ మొదటికి వచ్చి ఈసారి గట్టిగా నొక్కుతూ వెళ్లండి. మూడోసారి ఒక్కో కీని నాలుగైదుసార్లు గబగబా కొట్టండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని చేస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మెల్లగా నొక్కే మొదటి రౌండ్ అన్నిటికంటే ముఖ్యం. గట్టిగా కొడితే చెడిపోయిన కీ కూడా చాలాసార్లు బాగానే పలుకుతుంది. అమ్మేవాళ్లు వాయించి చూపించేటప్పుడు ఎప్పుడూ గట్టిగానే వాయిస్తారు.

చెవులతో పాటు వేలు చెప్పేది కూడా వినండి. పీ-45లో ఎడమవైపు కీలు కాస్త బరువుగా, కుడివైపుకు వెళ్లేకొద్దీ తేలిగ్గా ఉంటాయి. అది లోపం కాదు, అసలు పియానో అలాగే ఉంటుంది కాబట్టి అలా చేశారు. కానీ పక్క పక్క కీల మధ్య అంత తేడా ఉండకూడదు. ఏ కీ అయినా నొక్కాక బద్ధకంగా పైకి లేస్తోందా, మిగతావాటికంటే కిందికి దిగి ఉందా, పక్కలకు ఎక్కువగా ఊగుతోందా చూడండి. పవర్ ఆపేసి కూడా కీలు నొక్కి వినండి. మెత్తగా దబ్ మన్న చప్పుడు వస్తే మామూలే. ప్లాస్టిక్ ప్లాస్టిక్‌కు తగిలినట్టు టకటకలాడితే లోపల మెత్తగా ఉండేందుకు వేసే ఫెల్ట్ గుడ్డ అరిగిపోయిందని అర్థం. మధ్యలో రెండు ఆక్టేవ్‌లే, అంటే ఓ పాతిక కీలే, అలా ఉంటే చాలా గట్టిగా వాడిన పియానో అన్నమాట. ఆర్నెల్లు వాయించి మానేసిన పియానోలో అది ఉండకూడదు కదా. ఆయన చెప్పిన మాట నిజమో కాదో పియానోయే చెప్పేస్తుంది.

కాగితం ముక్క పడ్డ కీలు ఒకటో రెండో ఉంటే కొనొచ్చు. లోపల శుభ్రం చేస్తే తరచుగా బాగవుతాయి. అవసరమైతే రబ్బరు పట్టీలు మార్చొచ్చు కూడా. అయితే ఒక్క కీ కోసం కూడా చాలా భాగం విప్పాల్సి వస్తుంది, కూలి ఖర్చే ఎక్కువ. మీ ఊళ్లో కీబోర్డులు బాగుచేసేవాళ్లను వెళ్లేముందే అడిగి, విప్పి శుభ్రం చేయడానికి ఎంత తీసుకుంటారో తెలుసుకుని వెళ్లండి. బేరంలో ఆ అంకె పనికొస్తుంది. చెడ్డ కీలు ఐదారు ఉండి, అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉంటే మాత్రం మారు మాట్లాడకుండా వచ్చేయండి. ఈరోజు ఆరు, వచ్చే వానాకాలానికి పన్నెండు. ఏదైనా కీ విరిగి, దాన్ని జిగురుతో అంటించినట్టు కనబడినా అంతే.

మిగతా పరీక్షలకు ఇంత సమయం పట్టదు. వాల్యూమ్ తిప్పేటప్పుడు బరబరమని చప్పుడు వస్తుందా వినండి. కొంచెం వస్తే పట్టించుకోనక్కర్లేదు, మధ్యలో శబ్దమే ఆగిపోతుంటే ఆలోచించాలి. వాల్యూమ్ పూర్తిగా పెంచి ఎడమ చివరి కీలు నొక్కండి. స్పీకర్లు చిరిగినట్టు గరగరలాడకూడదు. హెడ్‌ఫోన్ పెట్టి తీయండి. పెట్టగానే స్పీకర్లు ఆగిపోవాలి, తీయగానే మళ్లీ మోగాలి. పీ-45కు పెద్ద పిన్ను కావాలి, మీ ఫోన్ ఇయర్‌ఫోన్ నేరుగా పట్టదు. కన్వర్టర్ పిన్ను ఒకటి కొనుక్కుని వెళ్లండి, చాలా చవక.

పెడల్ పెట్టి ఒక కీ నొక్కి వదిలేయండి. పెడల్ తొక్కి ఉన్నంతసేపూ స్వరం సాగాలి, కాలు తీయగానే ఆగాలి. తొక్కితే ఆగి, వదిలితే సాగుతుంటే కంగారుపడకండి, చెడిపోయినట్టు కాదు. యమహాలో పెడల్ తొక్కి ఉండగా పవర్ ఆన్ చేస్తే అది తిరగబడుతుంది. ఆపేసి, కాలు తీసి మళ్లీ ఆన్ చేస్తే సరి. వేరే కంపెనీ పెడల్ తగిలించినా ఇలా కావచ్చు. ఈ మోడల్‌తో వచ్చే పెడల్ చిన్న డబ్బాలా ఉండి నేల మీద జారుతూ ఉంటుంది. తర్వాత నిదానంగా మంచిది కొనుక్కోవచ్చు.

పియానోను ఇద్దరు పట్టుకుని తిరగేసి, ఫోన్ టార్చి వేసి అడుగుభాగం చూడండి. స్క్రూలు తుప్పు పట్టి ఉంటే చెమ్మలో ఉన్నట్టు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ల నుంచి వచ్చిన పియానో అయితే ఇది ఇంకా ముఖ్యం. స్క్రూల తలలు గీకి ఉంటే ఎవరో ఇదివరకే విప్పారన్నమాట. ఎందుకు విప్పారో అడగండి. కీల సందుల్లోకి కూడా టార్చి వేయండి. చీమలు, బొద్దింకల రెట్టలు, బల్లి గుడ్లు కనబడవచ్చు. ఎలుక వాసన వస్తే వద్దనుకోండి. వైర్లు కొరికి ఉంటే తర్వాత ఒక్కొక్కటిగా బయటపడుతుంది.

వెళ్లేముందు వీడియో అడగడం మంచిదే. ఎడమ నుంచి కుడికి 88 కీలూ వరసగా నొక్కుతూ, ఆపకుండా తీసి పంపమనండి. చివర్లో పియానోను తిప్పి సీరియల్ నంబరు చూపించమనండి. ఏ కీ అయినా అసలే మోగకపోతే ప్రయాణం తప్పుతుంది. అయితే వీడియో చూసి కొనేయొద్దు. ఫోన్ మైకు చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గించి రికార్డు చేస్తుంది. మనం వెతికే లోపం సరిగ్గా అక్కడే మాయమవుతుంది. ఇంకో మాట, ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లిపోతున్నాను కాబట్టి ముందే పంపండి లాంటి కథలు చెప్పేవాళ్లతో మాట పెంచుకోవద్దు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాల ఫిర్యాదులకు అదే నంబరు.

ఇక పీ-71. అది అమెరికాలో అమెజాన్ ద్వారా అమ్మడానికి వచ్చిన పీ-45 రూపమే. వాయించడంలో తేడా ఉండదు. కానీ దాంతో వచ్చే అడాప్టర్ అక్కడి 120 వోల్టుల కరెంటుకు మాత్రమే చేసింది అయ్యుండొచ్చు. అలాంటిదాన్ని మన 230లో పెడితే కాలిపోతుంది. అడాప్టర్ మీద 100-240 అని ఉంటే ఇక్కడా పనిచేస్తుంది, 120 అని మాత్రమే ఉంటే దాన్ని అక్కడే వదిలేసి రమ్మనండి. పియానోకు కావాల్సింది 12 వోల్టులే, యమహా అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవచ్చు. రోడ్డు పక్క దొరికే ఏదో ఒక 12 వోల్టుల అడాప్టర్ పెట్టొద్దు. కరెంటు మోతాదు, ప్లస్ మైనస్ గుర్తులు సరిపోవాలి. నాసిరకం వాటితో స్పీకర్లలో గుయ్‌మని చప్పుడు కూడా వస్తుంది. కొన్ని పెద్ద పియానోల్లో పవర్ సప్లై లోపలే ఉంటుంది. జపాన్ నుంచో అమెరికా నుంచో వచ్చిన అలాంటివి ఎవరైనా చూపిస్తే వెనక ఎన్ని వోల్టులని రాసి ఉందో చూడకుండా ప్లగ్గు పెట్టనివ్వకండి.

అడాప్టర్ కంటే రవాణాయే అసలు చిక్కు. ఈ పియానో పొడవు 132.6 సెంటీమీటర్లు. వెడల్పు, ఎత్తు కూడా కలిపితే 177 దాటుతుంది. చాలా విమాన సంస్థలు చెక్-ఇన్ సామానుకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే అదనపు ఛార్జీ వేస్తాయి. పైన అట్టపెట్టె, థర్మాకోల్ ఉండనే ఉన్నాయి. ఆ అబ్బాయి ఇంటి సామానంతా కంటైనర్‌లో వేసి ఓడలో పంపిస్తుంటే అందులో వేసేయొచ్చు, కాకపోతే నెలల తరబడి ఎదురుచూడాలి. విమానంలో తెస్తానంటే ఆ ఛార్జీ ఎవరు పెట్టుకుంటారో ముందే మాట్లాడుకోండి. తెలిసినవాళ్ల దగ్గర మొహమాటంతో ఈ మాట దాటేస్తాం, తర్వాత ఇద్దరికీ ఇబ్బంది. డబ్బు మాత్రం పియానో మీ ఇంటికొచ్చి, పైన చెప్పిన పరీక్షలో నిలబడ్డాకే. ఖర్చులన్నీ కలిపి 25,000 లోపు తేలితే మంచి బేరం. అంతకు మించితే, కళ్లతో చూసి కొనగలిగే హైదరాబాద్ పియానోయే నయం.

ధర విషయానికొస్తే హైదరాబాద్ ఆయన చెప్పింది ఎక్కువే. ఆయన 2019లో ఎంత పెట్టారన్నది మనకు లెక్క కాదు. ఈరోజు కొత్తది ఎంతకొస్తుందన్నదే లెక్క. వారంటీ లేని, తయారీ ఆగిపోయిన, ఇన్నేళ్ల పియానోకు కొత్తదాని ధరలో సగం దగ్గర బేరం మొదలుపెట్టడం న్యాయమని నా అభిప్రాయం. అంటే 23,000 ప్రాంతం. స్టాండు ఎల్-85 అనే యమహా చెక్క స్టాండయితే, కీలన్నీ బాగుంటే, అసలు అడాప్టర్, పెడల్, బిల్లు ఉంటే 26,000 దాకా వెళ్లొచ్చు. ఇంటూ గుర్తులా ఉండే ఇనుప స్టాండయితే దానికంత విలువ కట్టకండి. ఊగుతూ ఉంటుంది, పాప కాళ్లకూ అడ్డం. 30,000కు ఒక్క రూపాయి తగ్గనంటే మాత్రం మీవారి మాటే నా మాట. ఇంకో 17,000, పైన స్టాండు ఖర్చు వేసుకుని వారంటీతో కొత్తది తీసుకోండి. కొత్తదానితో పోలిస్తే 20,000కు పైగా మిగులుతుంటే, పరీక్ష చేసి కొన్న పాతది ఏ విధంగానూ తక్కువ కాదు. మీవారికి ఈ లెక్క చూపించండి.

పాపను తప్పకుండా తీసుకెళ్లండి. మీ పరీక్ష అయ్యాక, ఇప్పుడు నేర్చుకుంటున్న పాఠం పది నిమిషాలు వాయించనివ్వండి. మొదట్లో బరువుగా ఉందని అంటుంది, అది సహజం. ఫలానా కీ నొప్పి పుడుతోందనో, అంటుకుంటోందనో అంటే కొట్టిపారేయకండి, మళ్లీ ఆ కీ చూడండి. బేరం మాత్రం పాప ఎదురుగా వద్దు. దాని మొహం చూస్తే ఆయనా తగ్గడు, మీరూ వదిలి రాలేరు. పాపను బయటికి పంపి మాట్లాడుకోండి. డబ్బిచ్చాక సీరియల్ నంబరు, తేదీ రాసి కాగితం మీద సంతకం తీసుకోండి. పాత బిల్లు ఉంటే అదీ తెచ్చుకోండి.

తేవడానికి కారే మేలు. వెనక సీటు మడిచి, దుప్పటి పరిచి, కీలు పైకి ఉండేలా పడుకోబెట్టండి. దాని మీద ఇంకే బరువూ పెట్టొద్దు. స్టాండు విప్పేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి, స్క్రూలన్నీ ఒక కవర్లో వేసి స్టాండుకే కట్టేయండి. ఆర్టీసీ కార్గోలో వేయాల్సి వస్తే ప్యాకింగ్ మీరే దగ్గరుండి చేయించండి. ఒరిజినల్ అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ ముక్కలు ఆయన దగ్గరుంటే అడిగి తీసుకోండి.

ఇంట్లో ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర, ఏసీ గాలి తగిలేచోట పెట్టకండి. బెజవాడ ఎండలకు కారు డిక్కీలో మధ్యాహ్నమంతా వదిలేయడం కూడా వద్దు. వాయించడం అయ్యాక గుడ్డ కప్పేయండి. తీపి తిన్న చేతులతో ముట్టుకోనివ్వకండి, చీమలకు అదే పిలుపు. చీమలు పట్టినా కీల మీద పురుగుల మందు స్ప్రే కొట్టొద్దు. ఆ తడి లోపలికి దిగి నేను పైన చెప్పిన కార్బన్ చుక్కల దగ్గరే చేరుతుంది. కాస్త తడి చేసి బాగా పిండిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. కూర్చునే కుర్చీ ఎత్తు చూసుకోండి, పాప మోచేతులు కీల ఎత్తుకు దాదాపు సమంగా ఉండాలి. డైనింగ్ టేబుల్ మీద పెట్టి వాయించడం తొమ్మిదేళ్ల పిల్లకు ఎత్తైపోతుంది, భుజాలు నొప్పి పుడతాయి.

పాత కీబోర్డు అప్పుడే అమ్మకండి. అమ్మినా పెద్దగా రాదు. పైగా రేపు పాపకు కర్ణాటక సంగీతం మీద ఇష్టం కలిగితే, గమకాలు పలికించడానికి పిచ్ బెండ్ వీల్, అంటే స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం ఉన్న కీబోర్డే కావాలి. పీ-45లో అది లేదు. మీ కీబోర్డుకు ఎడమవైపు ఆ చక్రం ఉందేమో చూడండి. బ్యాటరీలతో పనిచేసేదయితే కరెంటు పోయినప్పుడూ, ఊరికి వెళ్లినప్పుడూ పనికొస్తుంది. రెండూ ఇంట్లో ఉన్నప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. దీని అడాప్టర్ దానికి, దాని అడాప్టర్ దీనికి పెట్టకుండా రెంటి మీదా పేర్లు రాసి అంటించండి. పిన్ను పట్టింది కదా అని తగిలిస్తే కాలిపోయే ప్రమాదం ఉంది.